మస్కట్ చూడ్డానికి వస్తున్నారా? ఎండని బట్టి రోజు ప్లాన్ చేస్కోవడం ఎలాగో చెప్తా

మస్కట్‌లో ఉంటున్నానని తెలిస్తే చాలు, ఊరి నుంచి చుట్టాలు, ఫ్రెండ్సు, వాళ్ళ ఫ్రెండ్సు అందరూ అడిగేది ఒకటే, "నాలుగైదు రోజులు వస్తే ఏం చూడొచ్చు, ఎలా తిరగాలి" అని. ఒక్కొక్కళ్ళకీ ఫోన్లో చెప్పే బదులు మొత్తం ఒకచోట రాసేస్తున్నా. ముందే ఒక మాట, దుబాయ్ చూసొచ్చి అదే లెక్కలో ఇక్కడికి వస్తే కుదరదు. ఇక్కడ పెద్ద పెద్ద టవర్లు ఉండవు, రోజంతా మాల్‌లో గడిపే ఊరు కాదిది. ఒక పక్క సముద్రం, ఇంకో పక్క గడ్డిపరక కూడా మొలవని నల్లటి కొండలు, మధ్యలో సన్నగా పొడుగ్గా తెల్లటి ఇళ్ళు. ఇళ్ళకి తెలుపో, తెలుపుకి దగ్గర రంగులో వెయ్యాలని మున్సిపాలిటీ రూలు, అందుకే ఊరంతా ఒకే తీరుగా కనిపిస్తుంది. ఇక్కడ ఏం చూశాం అన్నదాని కన్నా ఏ టైముకి చూశాం అన్నది ముఖ్యం. పొద్దున్న ఏడింటికి వదిలి రాబుద్ధి కాని చోటే మధ్యాహ్నం పన్నెండుకి పది నిమిషాలు నిలబడలేం. ఈ ఒక్కటి బుర్రలో పెట్టుకుని ప్లాన్ చేస్తే చాలు, మిగతావన్నీ వాటంతటవే కుదురుతాయి.

మొదట చెయ్యాల్సింది: నెల చూస్కోండి

నవంబర్ నుంచి మార్చి మధ్య దాకా రండి. డిసెంబర్, జనవరిలో పగలు 25 డిగ్రీలు, రాత్రి 18 డిగ్రీల దగ్గర ఉంటుంది, పిల్లల్నీ పెద్దవాళ్ళనీ హాయిగా తిప్పొచ్చు. పిల్లలకి సమ్మర్ సెలవులు కదా అని మే, జూన్‌లో టికెట్లు తీసుకోకండి ప్లీజ్. మనకి విజయవాడ ఎండలు అలవాటే కదా అంటారు, కానీ ఇక్కడ ఎండతో పాటు సముద్రం మీంచి వచ్చే ఉక్క కూడా కలుస్తుంది, రాత్రి కూడా చల్లబడదు. మస్కట్ పక్కనే ఉన్న కురయ్యాత్‌లో 2018 జూన్‌లో ఒకరోజు 24 గంటల్లో ఎప్పుడూ 42.6 డిగ్రీల కన్నా కిందకి దిగలేదు, అర్ధరాత్రి కూడా. టికెట్లు చవగ్గా దొరికేది కూడా ఆ నెలల్లోనే, ఎందుకో మీకే అర్థమవుతుంది.

రంజాన్ ఏ నెలలో పడుతుందో కూడా చూస్కోండి. ఆ నెలలో పగలు బయట నలుగురిలో తినడం, తాగడం, సిగరెట్ కాల్చడం చెయ్యకూడదు, మంచినీళ్ళు కూడా, చట్టప్రకారమే తప్పు. హోటల్లు పగలు చాలావరకు మూసే ఉంటాయి. రాత్రుళ్ళు మాత్రం ఊరు కళకళ్ళాడుతుంది, అది చూడాలనే వచ్చేవాళ్ళూ ఉన్నారు. చిన్నపిల్లలతో మొదటిసారి వచ్చేవాళ్ళకి మాత్రం కష్టం.

వీసా, టికెట్, బ్యాగ్

వీసా ఆన్‌లైన్‌లోనే, రాయల్ ఒమన్ పోలీస్ ఈ-వీసా సైట్‌లో మీరే అప్లై చేస్కోవచ్చు, ఏజెంట్ అక్కర్లేదు. పది రోజుల టూరిస్ట్ వీసాకి 5 రియాల్స్, నెల రోజులదానికి 20 రియాల్స్. పాస్‌పోర్ట్‌కి ఆరు నెలలు గడువు ఉండాలి. అమెరికా, షెంగెన్ లాంటి వీసా ఇప్పటికే ఉన్నవాళ్ళకి కొన్ని సడలింపులు ఉన్నాయి, అప్లై చేసే ముందు అదే సైట్‌లో ఆ రూల్స్ ఒకసారి చదవండి. మీది ఈసీఆర్ పాస్‌పోర్ట్ (గల్ఫ్ లాంటి చోట్లకి పనికి వెళ్ళాలంటే ఇమిగ్రేషన్ అనుమతి కావాల్సినది) అయితే మన ఇమిగ్రేషన్ వాళ్ళు ఇండియాలోనే నాలుగు ప్రశ్నలు అడుగుతారు, రిటర్న్ టికెట్, హోటల్ బుకింగ్ ప్రింట్ తీసి చేతిలో పెట్టుకోండి.

ఇక్కడ ఒక విషయం గట్టిగా చెప్పాలి. గోదావరి జిల్లాల నుంచి, కడప వైపు నుంచి ఎంతోమంది ఆడవాళ్ళు ఇళ్ళల్లో పనికి మస్కట్, కువైట్ వస్తారు. "విజిట్ వీసా మీద వెళ్ళు, వెళ్ళాక పనిలో పెట్టిస్తా" అని ఎవరైనా మీ ఇంట్లోవాళ్ళకో పక్కింటివాళ్ళకో చెప్తే ఒప్పుకోనివ్వకండి. టూరిస్ట్ వీసా మీద పని చెయ్యడం నేరం, జీతం ఎగ్గొట్టినా అడగడానికి చేతిలో ఒక్క కాగితం కూడా ఉండదు. ఎవరైనా అలా ఇరుక్కుంటే అల్ ఖువైర్‌లో ఇండియన్ ఎంబసీ ఉంది, నేరుగా అక్కడికే వెళ్ళమనండి.

హైదరాబాద్ నుంచి డైరెక్ట్ ఫ్లైట్ ఉంది, మూడున్నర గంటల ప్రయాణం. టైము మనకన్నా గంటన్నర వెనక. బ్యాగ్‌లో నూలు బట్టలు పెట్టుకోండి, ఫుల్ చేతులవి, కాళ్ళు మొత్తం కప్పేవి, ఎండకీ మర్యాదకీ రెండిటికీ అవే మంచివి. ఆడవాళ్ళు ఒక పెద్ద చున్నీ తప్పకుండా తెచ్చుకోండి. టోపీ, సన్‌స్క్రీన్, నీళ్ళల్లో నడిచే రబ్బరు చెప్పులు కూడా. మందులు వాడేవాళ్ళు డాక్టర్ చీటీ ఒరిజినల్‌తో తెచ్చుకోండి, నొప్పి మందులూ నిద్ర మాత్రలూ అయితే మరీను. ఇంకోటి, అమ్మో అత్తగారో ప్రేమగా కట్టిచ్చే మసాలా పొడిలో గసగసాలు ఉన్నాయేమో చూడండి. గల్ఫ్ దేశాలకి గసగసాలు తేవద్దు, పొడి కొట్టినా సరే వద్దు. పచ్చళ్ళు, కారప్పొడులు మాత్రం తెచ్చుకోండి, ఎవరూ అభ్యంతరం చెప్పరు.

డబ్బు లెక్క

ఒక రియాల్‌కి 1000 బైసాలు. మన డబ్బులో రియాల్ రెండొందల రూపాయలు దాటే ఉంటుంది, ప్రపంచంలో బాగా ఖరీదైన కరెన్సీల్లో ఒకటి. బోర్డు మీద 2.500 అని ఉంటే రెండున్నర రియాల్స్ అని అర్థం, పాయింట్ తర్వాత మూడు అంకెలు ఉంటాయి, కంగారు పడకండి. 0.300 అంటే 300 బైసాలు. చిల్లర నోట్లు ఉంచుకోండి, వంద బైసాకి కూడా నోటు ఉంది, టీకొట్లో, మార్కెట్లో అవే పనికొస్తాయి. మిగతాచోట్ల కార్డ్ నడుస్తుంది. 1970 దాకా ఈ ఊళ్ళో నడిచింది రూపాయే, అందుకేనేమో ఇక్కడి పాత వ్యాపారులకి మన లెక్కలన్నీ బాగా తెలుసు. ఎయిర్‌పోర్ట్‌లో కొద్దిగా మాత్రమే మార్చి, మిగతాది రువీలో ఎక్స్‌ఛేంజ్‌లో మార్చుకోండి.

ఎక్కడ దిగాలి, ఎలా తిరగాలి

హోటల్ బుక్ చేసేముందు మ్యాప్ ఒకసారి తెరిచి చూడండి. ఊరు సముద్రం వెంబడి సాగిపోయి ఉంటుంది. పడమర చివర సీబ్, అక్కడే ఎయిర్‌పోర్ట్, తర్వాత వరసగా గుబ్రా, ఖువైర్, కురుమ్, ఆ తర్వాత కొండల సందులోకి దూరితే రువీ, మత్రా, చిట్టచివర పాత మస్కట్. ఎయిర్‌పోర్ట్ నుంచి మత్రాకి ముప్పై కిలోమీటర్ల పైనే. చవగ్గా కావాలి, ఇడ్లీ దోశ దొరకాలి అంటే రువీ. ఇండియన్ హోటళ్ళు, కిరాణా కొట్లు, మనవాళ్ళు అంతా అక్కడే, కూరగాయల కొట్లో నిలబడితే తెలుగు వినపడుతుంది. సముద్రం కనపడాలి, పొద్దున్నే లేచి నడవాలి అంటే మత్రా కార్నిష్ (సముద్రం వెంబడి ఉండే రోడ్డు) పక్కన. పిల్లలతో బీచ్ కావాలంటే కురుమ్. నన్నడిగితే మత్రానే, పొద్దున్నా సాయంత్రం రెండు పూటలూ గది గుమ్మంలోంచే ఊరు చూడొచ్చు.

నడిచి తిరిగే ఊరు కాదిది. మువాసలాత్ అని ప్రభుత్వ బస్సులు ఉన్నాయి, ఏసీ, చవక, శుభ్రంగా ఉంటాయి, మెయిన్ రోడ్డు వెంబడి బాగానే తిరుగుతాయి కానీ లోపలికి వెళ్ళాలంటే మళ్ళీ టాక్సీనే. ఆరెంజ్, తెలుపు రంగు టాక్సీలు ఒమానీలే నడుపుతారు, ఎక్కే ముందే రేటు మాట్లాడుకోండి, లేదంటే ఓ-టాక్సీ యాప్ వేస్కోండి, అందులో ఎంతో ముందే కనపడుతుంది. నలుగురు ఉంటే కారు రెంట్‌కి తీస్కోవడమే మేలు, పెట్రోల్ లీటరు పావు రియాల్ కన్నా తక్కువ. కానీ ఇక్కడ రోడ్డుకి కుడివైపు నడపాలి, స్టీరింగ్ ఎడమ పక్క ఉంటుంది, ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్ మనూళ్ళోనే తీసుకుని రండి. స్పీడ్ కెమెరాలు చాలా ఎక్కువ. రౌండ్ అబౌట్‌లో లోపల తిరుగుతున్న బండిదే హక్కు, మనం ఆగాలి. కోపమొచ్చి చెయ్యి ఊపి తిట్టడం లాంటివి అస్సలు వద్దు, అవతలివాళ్ళు కంప్లైంట్ ఇస్తే కేసే. ఊరు దాటాక వీలైనంతవరకు రాత్రిపూట నడపకండి, ఒంటెలు రోడ్డు మీదకి వచ్చేస్తాయి, చీకట్లో దాని కాళ్ళు కనపడేసరికే ఆలస్యమైపోతుంది.

రోజు ఇలా కట్టండి

తెల్లవారుజాము నుంచి పది, పదిన్నర దాకా బయట. పదకొండు నుంచి నాలుగు దాకా కప్పు కింద, అంటే మ్యూజియమో, భోజనమో, నిద్రో. నాలుగు నుంచి రాత్రి దాకా మళ్ళీ బయట. పాత మార్కెట్లు కూడా ఇదే లెక్క, మధ్యాహ్నం ఒంటిగంటకి మూసేసి నాలుగింటికి తెరుస్తారు. చలికాలం కూడా ఇదే పాటించండి, ఎండ తక్కువే అయినా కొండరాళ్ళు వేడెక్కి సెగ పైకి కొడుతుంది. డిసెంబర్‌లో ఐదున్నరకే పొద్దుగూకుతుంది, సాయంత్రం బీచ్ అనుకుంటే నాలుగున్నరకే అక్కడ ఉండండి. వీకెండ్ ఇక్కడ శుక్ర, శనివారాలు. శుక్రవారం పొద్దున్న నుంచి మధ్యాహ్నం నమాజు అయ్యేదాకా ఊళ్ళో కొట్లు దాదాపు తెరవరు, ఆ పూట ఊళ్ళో ఉండి లాభం లేదు, దానికి వేరే పని చెప్తా ఆగండి.

మొదటి రోజు పొద్దున్న: గ్రాండ్ మాస్క్

సుల్తాన్ ఖాబూస్ గ్రాండ్ మాస్క్‌తో మొదలుపెట్టండి. ముస్లిమేతరులకి పొద్దున్న 8 నుంచి 11 దాకానే, శుక్రవారం లేదు. 8 కే గేటు దగ్గర ఉండండి, తొమ్మిది దాటితే టూర్ బస్సులన్నీ వచ్చేస్తాయి. ఆడవాళ్ళకి తల, చేతులు, కాళ్ళు మొత్తం కప్పి ఉండాలి, పల్చటి బట్ట అయితే ఒప్పుకోరు, మగాళ్ళకి ఫుల్ ప్యాంటు. లేకపోతే అక్కడే అబాయా అద్దెకిస్తారు. పదేళ్ళలోపు పిల్లల్ని మెయిన్ హాల్లోకి రానివ్వరు, కాబట్టి ఒకళ్ళు పిల్లలతో బయట ఉండి వంతులవారీగా చూడండి.

2001 లో తెరిచారు దీన్ని. గోడల రాయి మనదే, ఇండియా నుంచి 3 లక్షల టన్నుల ఇసుకరాయి తెచ్చి కట్టారు. లోపల తివాచీ చూడండి, హాలంతా ఒకటే తివాచీ, 70 మీటర్ల పొడవు, 60 మీటర్ల వెడల్పు, 21 టన్నుల బరువు. ఇరాన్‌లో 600 మంది ఆడవాళ్ళు నాలుగేళ్ళు నేశారు, 170 కోట్ల ముడులు. మనల్ని తివాచీ మీద నడవనివ్వరు, పైన దారి పొడుగునా వేరే బట్ట పరిచి ఉంటుంది, దాని మీదే నడవాలి. ఆ అంచు దగ్గర ఆగి వంగి చూడండి, ఒక పువ్వు రేకులోనే నాలుగైదు రంగులు ఒకదాంట్లోంచి ఒకటి ఎలా మారుతున్నాయో కనపడుతుంది. అందరూ పైనున్న 14 మీటర్ల షాండ్లియర్ ఫోటోలు తీసుకుని వెళ్ళిపోతారు, నాకు మాత్రం కింద పనే గొప్పగా అనిపిస్తుంది. బయటికొచ్చాక వెనక వైపు వరండాల్లో కూడా నడవండి, ఒక్కో గూడులో ఒక్కో దేశపు పనితనం, జనం ఉండరు, నీడ ఉంటుంది.

పదకొండుకి అక్కడి నుంచి బయటపడితే కురుమ్ వైపు రాయల్ ఒపెరా హౌస్ ఉంది, 2011 లో తెరిచారు, పగలు టూర్ ఉంటుంది, మధ్యాహ్నం ఎండకి మంచి చోటు. భోజనం, రెస్ట్. సాయంత్రం కురుమ్ బీచ్. మొదటి రోజుకి ఇంతకన్నా ఎక్కువ పెట్టుకోవద్దు.

రెండో రోజు: మత్రా, పాత మస్కట్

దీనికి మాత్రం రోజంతా ఇవ్వండి. పొద్దున్న ఆరున్నర, ఏడుకల్లా మత్రా చేపల మార్కెట్‌లో ఉండాలి. కార్నిష్‌కి ఒక చివర, సముద్రం పక్కనే, అల లాంటి కప్పుతో 2017 లో కట్టిన కొత్త బిల్డింగ్. కాకినాడ, విశాఖ వాళ్ళయితే లోపల అడుగు పెట్టగానే మొహాలు వెలిగిపోతాయి. వంజరం ఇక్కడ రాజు, నిలువెత్తు వంజరాలు బల్లల మీద వరసగా పరిచి ఉంటాయి, పక్కన తూర చేపలు, కవళ్ళు, పెద్ద పెద్ద టేకులు. బేరం అయ్యాక చేప కోసేవాళ్ళు వేరే వరసలో ఉంటారు, వాళ్ళకి కొద్దిగా చిల్లర ఇస్తే పొలుసు తీసి ముక్కలు చేసిస్తారు, వాళ్ళ చేతివేగం చూస్తూ ఎంతసేపైనా నిలబడొచ్చు. వంటగది ఉన్న రూమ్ తీసుకున్నవాళ్ళు తప్పకుండా కొనుక్కోండి. ఆగస్ట్ 15 నుంచి అక్టోబర్ 15 దాకా వంజరం పట్టడం నిషేధం, గుడ్లు పెట్టే కాలం కదా, ఆ రెండు నెలలూ దొరకదు.

మార్కెట్ నుంచి కార్నిష్ మీద నడుచుకుంటూ తూర్పుకి వెళ్ళండి. ఒక పక్క పాత తెల్లటి మేడలు, చెక్క బాల్కనీలు, ఇంకో పక్క హార్బర్. ఆ మేడల వెనక సూర్ అల్ లవాతియా అని ఒక పేట ఉంది, సింధు వైపు నుంచి వచ్చి స్థిరపడ్డామని చెప్పుకునే లవాతీ కుటుంబాలది, లోపలికి బయటివాళ్ళు వెళ్ళకూడదు, గుమ్మం దగ్గరే ఆగి చూడండి. మత్రా కోట మెట్లు ఎండ ముదరక ముందే ఎక్కండి. పైనుంచి చూస్తే హార్బర్ చుట్టూ ముదురు గోధుమ రంగు కొండలు కనపడతాయి కదా, అవి ఒకప్పుడు సముద్రం అడుగున, అంతకన్నా కింద భూమి లోపల ఉన్న రాయి, కోట్ల ఏళ్ళ కింద నేల మీదకి నెట్టుకొచ్చింది. దీని కోసమే ప్రపంచం నలుమూలల నుంచి జియాలజీ వాళ్ళు ఒమన్ వస్తారు. మనం టాక్సీ ఆపి చేత్తో ముట్టుకోవచ్చు.

తొమ్మిదిన్నరకల్లా టాక్సీలో పాత మస్కట్ వెళ్ళండి, కొండ దాటితే ఐదు పది నిమిషాలు. నీలం, బంగారు రంగు స్తంభాలతో అల్ ఆలమ్ ప్యాలెస్, లోపలికి రానివ్వరు, బయట ఫోటోలు తీసుకోవచ్చు. దానికి అటూ ఇటూ కొండల మీద రెండు కోటలు, జలాలీ, మిరానీ, 1580 ల్లో పోర్చుగీసువాళ్ళు కట్టించినవి. వాళ్ళు 1507 లో వచ్చి మస్కట్ పట్టుకుంటే ఒమానీలు 1650 లో తరిమేశారు. మన గోవాలో 1961 దాకా ఉన్నారంటే ఇక్కడివాళ్ళు ఎంత ముందే వదిలించుకున్నారో చూడండి.

ప్యాలెస్‌కి దగ్గర్లోనే మోతీశ్వర్ మహాదేవ్ గుడి ఉంది, వందేళ్ళ పైబడిన శివాలయం. సుల్తాన్ ప్యాలెస్ పక్కన శివుడి గుడి ఏంటి అని చాలామంది ఆశ్చర్యపోతారు. గుజరాతీ, కచ్ వ్యాపారులు కొన్ని వందల ఏళ్ళుగా ఈ రేవులో ఉన్నారు, వాళ్ళు కట్టుకున్న గుడి ఇది. 2018 లో మోడీ గారు వచ్చినప్పుడు కూడా ఇక్కడికి వచ్చారు. శివరాత్రికి వేల మంది వస్తారు, లైను రోడ్డు మీదకి ఉంటుంది. మామూలు రోజుల్లో ప్రశాంతంగా దర్శనం అవుతుంది. దార్‌సయిత్‌లో కృష్ణుడి గుడి కూడా ఉంది, రువీకి దగ్గర.

పదకొండుకల్లా ప్యాలెస్ ఎదురుగా ఉన్న నేషనల్ మ్యూజియంలోకి దూరిపోండి, 2016 లో తెరిచారు, ఏసీ, చూసేవాళ్ళకి రెండు మూడు గంటలు సరిపోదు. పడవల గది, ఖంజర్‌ల (ఒమానీల వంపు కత్తులు) గది వదలకండి. తర్వాత రువీ వచ్చి భోంచేసి పడుకోండి.

సాయంత్రం ఐదుకి మళ్ళీ మత్రా, ఈసారి సూక్, అంటే పాత బజారు. కార్నిష్ మీంచి ఒక చిన్న గుమ్మం, లోపలికి వెళ్తే సందులు సందులుగా పోతూనే ఉంటుంది, తప్పిపోయినా ఫరవాలేదు, వాలు కిందకి నడిస్తే సముద్రమే వస్తుంది. ముందు సందుల్లో అన్నీ టూరిస్ట్ సామాన్లు, చాలావరకు ఇండియా నుంచి వచ్చినవే, కాశ్మీరీ శాలువా మస్కట్‌లో కొనుక్కోకండి. కొనాల్సింది లుబాన్. మన సాంబ్రాణి లాంటిదే కానీ వాసనలో నిమ్మతొక్క ఘాటు తగులుతుంది, దక్షిణాన ధోఫార్ కొండల్లో చెట్టు బెరడు చెక్కితే కారే జిగురు. అన్నిట్లోకీ మంచిది హోజరీ రకం. ఎలా చూడాలంటే గింజ తీసి వెలుతురుకి పట్టండి, లేత ఆకుపచ్చ ఛాయతో తెల్లగా, లోపల్నుంచి వెలుగు కనపడేలా ఉంటే మంచిది, ఎర్రగా, గోధుమరంగుగా, బెరడు ముక్కలు అంటుకుని ఉంటే తక్కువ రకం. బొగ్గు మీద ఒక్క గింజ వేసి చూపించమనండి, సంతోషంగా వేస్తారు. బేరం ఆడండి, సగానికి సగం అడగడం లాంటివి వద్దు, కొంత తగ్గిస్తారు, నవ్వుతూ అడిగితే ఇంకొంచెం తగ్గిస్తారు.

ఏం తినాలి

రువీలో మన తిండి ఉంది కదా అని రోజూ అదే తినేసి వెళ్ళకండి. వంజరం నిప్పుల మీద కాల్చి నిమ్మకాయ అన్నంతో పెడతారు, మషువాయ్ అంటారు, అది తినాలి. షువా అని మేకమాంసం మసాలా పట్టించి ఆకుల్లో చుట్టి భూమిలో గొయ్యి తవ్వి ఒకటి రెండు రోజులు మగ్గబెడతారు, అసలైతే పండగ వంట, ఒమానీ రెస్టారెంట్లలో దొరుకుతుంది. సాయంత్రాలు రోడ్డు పక్కన మిష్కాక్, పుల్లకి గుచ్చి కాల్చిన మాంసం. పిల్లలకైతే పరాఠాలో చీజ్ రాసి, చిప్స్ ఒమన్ అనే ఇక్కడి చిప్స్ నలిపి వేసి చుట్టిస్తారు, పక్కన కరక్ చాయ్, రెండూ కలిపినా రియాల్ కాదు. శాకాహారులకి ఊళ్ళో ఇబ్బంది లేదు, ఊరు దాటితే మాత్రం పులిహోరో పెరుగన్నమో కట్టుకుని బయల్దేరండి.

ఎవరైనా ఖావా ఇస్తే వద్దనకండి. చిన్న కప్పులో యాలకుల వాసనతో పాలు లేని కాఫీ, పక్కన ఖర్జూరం. కుడిచేత్తో తీసుకోండి. కప్పు ఖాళీ అవ్వగానే మళ్ళీ పోసేస్తారు, చాలు అనిపిస్తే కప్పుని చేతిలో అటూ ఇటూ కొద్దిగా ఊపి ఇచ్చెయ్యండి, అర్థం చేస్కుంటారు. ఒమానీలు చాలా మర్యాదస్తులు, సలాం చెప్పి మాట్లాడితే దారి అడిగిన మనిషి మనతో పాటు నడిచొచ్చి చూపిస్తాడు. వాళ్ళ ఆడవాళ్ళని మాత్రం అడక్కుండా ఫోటో తియ్యకండి, పోలీసుల్ని, మిలిటరీ బిల్డింగ్‌లని అసలే వద్దు.

ఊరు దాటి: వాదీలు

వాదీ అంటే కొండల మధ్య వాగు. మూడో రోజు తూర్పుకి, సూర్ అనే ఊరికి వెళ్ళే రోడ్డు మీద. ఆరింటికల్లా బయల్దేరండి. బిమ్మా సింక్‌హోల్, సున్నపురాయి కుంగి ఏర్పడిన గుంట, అడుగున ఆకుపచ్చ నీళ్ళు, మెట్లు దిగి ఈత కొట్టొచ్చు. అక్కడి నుంచి ఇంకొంచెం ముందుకి వెళ్తే వాదీ షాబ్. ఒక రియాల్ ఇస్తే పడవలో అవతలి ఒడ్డుకి దింపుతారు, అక్కడి నుంచి ముప్పావుగంట రాళ్ళ మీద నడక, తర్వాత మడుగులు, చివర్న సన్నటి సందులోంచి ఈదుకుంటూ వెళ్తే గుహలో జలపాతం. ఈత రానివాళ్ళు లైఫ్ జాకెట్ లేకుండా మడుగుల్లోకి దిగకండి, మోకాళ్ళ నొప్పులున్న పెద్దవాళ్ళని పడవ దాకానే తీస్కెళ్ళండి. ఆడామగా ఎవరైనా టీషర్టు, మోకాళ్ళు దాటే ప్యాంటుతోనే దిగండి, అది పక్క ఊరివాళ్ళు నడిచే దారి.

ఇది మాత్రం అస్సలు మర్చిపోవద్దు. మస్కట్‌లో ఏడాది మొత్తం పడే వాన సుమారు 100 మిల్లీమీటర్లు, కానీ పడితే ఒక్కరోజులో కుమ్మేస్తుంది, ఆ కొండరాయి చుక్క నీరు పీల్చదు, మొత్తం వాదీల్లోకి వచ్చేస్తుంది. మీ నెత్తిన ఎండ కాస్తున్నా ఎక్కడో కొండల్లో పడిన వానకి నిమిషాల్లో నీళ్ళు గోడలా వస్తాయి. 2024 ఏప్రిల్‌లో అలాగే పొంగి స్కూలు పిల్లలతో సహా చాలామంది పోయారు. ఫోర్‌కాస్ట్‌లో వాన అని ఉంటే ఆ రోజు వాదీ ప్లాన్ తీసేసి ఊళ్ళోనే ఉండండి. రోడ్డు మీద నీళ్ళు పారుతుంటే బండి దాటించకండి, ముందు బండి వెళ్ళిందని మీరూ వెళ్ళకండి, అలా దాటించడం ఇక్కడ నేరం కూడా. ఎమర్జెన్సీ నంబర్ 9999, ఫోన్లో సేవ్ చేస్కోండి.

శుక్రవారం: నిజ్వా

శుక్రవారం పొద్దున్నకి వేరే పని ఉందన్నా కదా, అదే ఇది. కారులో రెండు గంటల లోపే. ఐదింటికి బయల్దేరితే ఏడుకల్లా మేకల సంత మధ్యలో ఉంటారు, చీకటి ఉన్నంతసేపూ మాత్రం ఒంటెల్ని చూసుకుంటూ జాగ్రత్తగా నడపండి. గుండ్రంగా జనం కూర్చుంటారు, మధ్యలో మేకల్ని తాడు పట్టుకుని తిప్పుతూ ఉంటారు, కొనేవాళ్ళు చెయ్యేసి పళ్ళు, పొట్ట చూసి రేటు అరుస్తారు, ఎనిమిదిన్నర తొమ్మిదికల్లా పలచబడిపోతుంది. మొహాలకి ముసుగులు వేసుకున్న బెదూ (ఎడారి తెగల) ఆడవాళ్ళు కూడా బేరాలాడుతుంటారు. పిల్లలు భలే ఇష్టపడతారు. పక్కనే నిజ్వా కోట, 17 వ శతాబ్దంలో ఇమామ్ సుల్తాన్ బిన్ సైఫ్ కట్టించింది, లావుపాటి గుండ్రటి బురుజు, మెట్ల మలుపుల్లో తలుపుల పైన కన్నాలు కనపడతాయి, శత్రువులు వస్తే అందులోంచి మరిగే ఖర్జూరపాకం పోసేవాళ్ళు. ఖర్జూర బస్తాలు పేర్చి పాకం కారబెట్టే గది కూడా చూపిస్తారు. దగ్గర్లో ఫలజ్ కాలువలు చూడండి, కొండల్లో భూగర్భం నుంచి వాలు మీద తోటలకి నీళ్ళు తెచ్చే పాత పద్ధతి, వంతులు వేసుకుని పొలాలకి పెట్టుకుంటారు, 2006 లో యునెస్కో జాబితాలో చేరాయి. వ్యవసాయం చేసే నాన్నగారో మావయ్యగారో మీతో ఉంటే వాళ్ళని అక్కడి నుంచి కదపడం కష్టం.

జెబెల్ అఖ్దర్ కొండ ఎక్కుదాం అనుకుంటే ఫోర్ వీల్ డ్రైవ్ బండే ఉండాలి, కింద పోలీస్ చెక్‌పోస్ట్‌లో మామూలు కారు వెనక్కి పంపేస్తారు.

ఇంకో రోజు ఉంటే ఇసుక చూడండి, షర్ఖియా ఎడారి, బిదియా ఊరి దగ్గర నుంచి లోపలికి. క్యాంప్‌వాళ్ళ బండిలోనే వెళ్ళండి, రెంట్ కారు ఇసుకలోకి దింపకండి. ఒక రాత్రి ఉండి, తెల్లారకముందే తిన్నె ఎక్కండి. సముద్రమే ఇష్టం అనుకుంటే దాని బదులు దైమానియత్ దీవులకి సీబ్ వైపు నుంచి బోట్లు ఉన్నాయి, మాస్క్ పెట్టుకుని నీళ్ళల్లో మొహం పెడితే తాబేళ్ళు కనపడతాయి. మే నుంచి అక్టోబర్ దాకా దీవుల మీద దిగనివ్వరు, తాబేళ్ళు గుడ్లు పెట్టే కాలం, నీళ్ళల్లో ఈదడం వరకే.

వెళ్ళేటప్పుడు

లుబాన్ ఎలాగూ కొనుంటారు. ఒమానీ హల్వా కూడా కొనండి, కుంకుమపువ్వు, నెయ్యి, జీడిపప్పు వేసి గంటలకొద్దీ కలిపి చేస్తారు, పాత కొట్లో రుచి చూపించాకే ఇస్తారు. ఖర్జూరాలు ఖలాస్ రకం అడగండి, సూపర్‌మార్కెట్‌లో డబ్బా కన్నా నిజ్వా సంతలో కిలోల్లెక్కన మంచివి దొరుకుతాయి. హల్వా జిగురుగా ఉంటుంది కాబట్టి సెక్యూరిటీ దగ్గర లిక్విడ్ కింద లెక్కేసే అవకాశం ఉంది, హ్యాండ్‌బ్యాగ్‌లో కాకుండా మూత గట్టిగా బిగించి కవర్‌లో చుట్టి చెక్-ఇన్ బ్యాగ్‌లోనే వెయ్యండి, లుబాన్ దాని పక్కన పెట్టకండి, వాసన పట్టేస్తుంది.